లటాఫా ఊద్ ఫర్ గ్లోరీ: అందులో నిజం ఊద్ ఉందా? ఆఫీసుకి, పెళ్లికి పనికొస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రెండున్నర వేల లోపు మంచి ఊద్ (అగరు) పెర్ఫ్యూమ్ కావాలి. దుబాయ్‌లో ఉన్న మీ బావగారు అక్కడి పెర్ఫ్యూమ్ కంపెనీ లటాఫా వాళ్ల ‘బదీ అల్ ఊద్ ఊద్ ఫర్ గ్లోరీ’ తీసుకోమన్నారు. ఆఫీసులో స్నేహితుడేమో అదంతా కెమికల్, అసలు ఊదే కాదు, డబ్బు దండగ అన్నాడు. రోజూ హైటెక్ సిటీ ఆఫీసుకి, శ్రావణంలో చెల్లెలి పెళ్లికి అదొక్కటే సరిపోతుందా?

కొనండి. మీ స్నేహితుడి మాటలో మొదటి సగం నిజం, రెండో సగం కాదు. ఆ సీసాలో ముక్కుకి తెలిసేంత సహజ ఊద్ తైలం ఉండదు, ఆ ధరకి ఉండే వీలూ లేదు. అయినా డబ్బు దండగ కాదు, ఎందుకంటే మీరు కొనేది ఊద్ తైలాన్ని కాదు, ఊద్ వాసనలో ఒక ముఖాన్ని. ఆ ముఖం మాత్రం చాలా బాగా కుదిరింది. పెళ్లికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆఫీసుకైతే చొక్కా లోపల ఒకే ఒక్క స్ప్రే. ఎండాకాలం పగటిపూట వద్దే వద్దు.

నేను షార్జాలో, ఆ తర్వాత దుబాయ్ డేరాలో పెర్ఫ్యూమ్ షాపుల్లో సేల్స్ చేసి వచ్చాను, ఇప్పుడు కరీంనగర్‌లో సొంత షాపు నడుపుతున్నాను. మీ ప్రశ్న మా కౌంటర్ దగ్గర రోజూ వినపడేదే. మీరు ఎక్కడ కొన్నా ఉపయోగపడాలని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు ఊద్ సంగతి. ఊద్ అంటే అగరు చెక్క. మన ఊదుబత్తి పేరులో ఉన్న ఊదు కూడా అదే, కాకపోతే ఇప్పుడు మార్కెట్లో దొరికే ఊదుబత్తుల్లో అగరు ఉండటం బాగా అరుదు. అగరు చెట్టు ఆరోగ్యంగా ఉన్నంత కాలం దాని కలప తెల్లగా, తేలిగ్గా, వాసనేమీ లేకుండా ఉంటుంది. చెట్టుకి గాయమై, పురుగు తొలిచో, బూజు పట్టో లోపల రోగం మొదలైతే, దాన్ని అడ్డుకోవడానికి చెట్టు ఒక రకం జిగురు ఊరుస్తుంది. ఆ జిగురు పట్టిన చోట చెక్క నల్లబడుతుంది, బరువెక్కుతుంది. బాగా పట్టిన ముక్క నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. వాసనంతా ఆ నల్లటి భాగంలోనే. అడవిలో ఏ చెట్టులో ఉందో నరికితే గానీ తెలియదు కాబట్టి జనం నరుక్కుంటూ పోయారు. అస్సాంలో పెరిగే అక్విలేరియా మలాక్సెన్సిస్ రకాన్ని 1995లో, అడవి జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు, 2005 నుంచి ఆ చెట్ల జాతి మొత్తానికీ ఆ నియంత్రణ వచ్చింది. ఇప్పుడు తోటలు వేసి, చెట్టుకి కావాలనే గాయం చేసి బూజు ఎక్కించి పండిస్తున్నారు.

ఇది మన దేశపు సరుకు కూడా. అస్సాంలోని హోజాయ్ ప్రాంతం అగరు వ్యాపారానికి పేరున్న చోటు. ఈరోజు దుబాయ్ మాల్స్‌లో కనపడే అజ్మల్ బ్రాండు, ఆ ప్రాంతం నుంచి బొంబాయి వెళ్లిన హాజీ అజ్మల్ అలీ 1951లో మొదలుపెట్టిన వ్యాపారమే. గల్ఫ్ షాపుల్లో ‘హిందీ ఊద్’ అని అడిగితే చూపించేది ఈ ఈశాన్య భారతపు తైలాన్నే.

ఇప్పుడు లెక్క చూడండి. పెర్ఫ్యూమ్ సీసా మీద ‘ఓ ద పర్ఫ్యూమ్’ అని ఉంటే, మామూలుగా 15 నుంచి 20 శాతం దాకా సువాసన ద్రవ్యం, మిగతా దాదాపు అంతా ఆల్కహాల్. 100 ఎంఎల్ సీసాలో సువాసన ద్రవ్యం అటూ ఇటూగా 18 ఎంఎల్ అనుకోండి. అందులో ఐదో వంతు నిజం ఊద్ తైలం వేసినా మూడున్నర ఎంఎల్ కావాలి. మంచి అస్సాం తైలం తులం, అంటే పదకొండున్నర గ్రాముల పైచిలుకు, పదుల వేలు పలుకుతుంది. పాత సరుకైతే ఇంకా ఎక్కువే. అలాంటి తైలం మూడున్నర ఎంఎల్ పోస్తే ఒక్క దానికే మీ బడ్జెట్ ఎన్నో రెట్లు దాటిపోతుంది. ఇక సీసా, మూత, డబ్బా, రవాణా, మాలాంటి షాపుల లాభం మాటేమిటి? అందుకే రెండు మూడు వేల పెర్ఫ్యూమ్ చూపించి ‘అసలైన ఊద్ సార్’ అని ఎవరైనా చెప్తే ఆ కొట్టు దాటి వెళ్లిపోండి.

అంతమాత్రాన అది నకిలీ అని కాదు. ఖరీదైన యూరప్ బ్రాండ్లలో చాలా వాటి పద్ధతీ ఇదే. 2002లో ఫ్రెంచి ఫ్యాషన్ బ్రాండు వైఎస్‌ఎల్ ‘ఎం7’ వచ్చాకే పాశ్చాత్య దేశాల్లో మామూలు జనానికి ఊద్ పరిచయమైంది. డిజైనర్ టామ్ ఫోర్డ్ ఆ బ్రాండుకి పెద్దగా ఉన్న రోజులవి. అప్పట్లో అది పెద్దగా అమ్ముడుపోలేదు. 2007లో ఆయనే తన సొంత పేరు మీద ‘ఊద్ వుడ్’ తెచ్చాక కథ మారింది. ఈ సీసాల్లో చాలావరకు వినిపించేది ల్యాబులో కూర్చిన ఊద్ వాసన. జివొదాన్, ఫిర్మెనిష్ (ఇప్పుడు డీఎస్‌ఎం-ఫిర్మెనిష్) లాంటి సువాసన ద్రవ్యాల కంపెనీలు రకరకాల పదార్థాలు కలిపి ఊద్ బేస్‌లు తయారు చేసి ఇస్తాయి.

ఆ పదార్థాల్లో ఒకటి మనకి బాగా తెలిసిన సరుకే. ఉత్తరాదిలో నాగర్‌మోథా అంటారు, పెర్ఫ్యూమ్ వాళ్లు సిప్రియోల్ అంటారు. మన తుంగముస్తల దగ్గరి చుట్టం. సున్నిపిండిలోకి, తలకి రాసే పొడుల్లోకి వేసే తుంగముస్తల్ని దంచి ఒకసారి వాసన చూడండి: ఎండిన కట్టె, కాస్త పొగ, కాస్త మట్టి, చివర్లో తోలు. ఊద్ వాసనలో ఎముకల గూడు అదే. దానికి పచ్చౌలీ (మట్టి వాసన ఉండే ఒక ఆకు తైలం), కుంకుమపువ్వు వాసననిచ్చే పదార్థం, పొడి కట్టె వాసన పట్టే సింథటిక్‌లు చేరిస్తే మీరు మాల్‌లో ‘ఊద్’ అని గుర్తుపట్టే వాసన తయారు. ముస్తలకి బాగా అలవాటుపడ్డ పాతతరం ఆడవాళ్లు మా షాపులో ఈ సీసా వాసన చూసి, ‘ఇది ఎక్కడో తెలిసిన వాసనే’ అంటుంటారు.

ఇంకో మాట. నిజం హిందీ ఊద్ తైలం మీకు నచ్చుతుందన్న గ్యారంటీ లేదు. అగరు చెక్క ముక్కల్ని రోజుల తరబడి, కొందరైతే వారాల తరబడి, నీళ్లలో నానబెట్టి ఆ తర్వాత బట్టీ ఎక్కిస్తారు. ఆ నానడంలో పులిసిన వాసన తైలంలోకి దిగుతుంది. మొదటి పావుగంట పశువుల కొట్టం, పచ్చి తోలు, పులిసిన గడ్డి. ఓపిక పడితే గంట తర్వాత ఆ మూటంతా విప్పుకుని లోతైన, తియ్యటి కట్టె వాసన మిగులుతుంది. అరబ్బులు ఆ మొదటి పావుగంటనే ప్రేమిస్తారు. గల్ఫ్‌లో ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేసి తిరిగొచ్చిన మా వైపు మనిషి ఒకాయన, యజమాని బహుమతిగా ఇచ్చిన చిన్న సీసా తెచ్చి ‘ఇది పాడైపోయిందేమో చూడు అన్నా’ అన్నాడు. అది మేలు రకం హిందీ తైలం. ధర చెప్తే నమ్మలేదు. ఇంట్లో ఆడవాళ్లు దాన్ని పెరట్లో పెట్టించారట. కాంబోడియా రకం తైలం ఇంకాస్త తీపిగా, పండు వాసనతో ఉంటుంది, కొత్తవాళ్లకి అది సులువు.

తక్కువ ధర ఊద్ పెర్ఫ్యూమ్‌లో ఉన్న ఆకర్షణ సరిగ్గా ఇక్కడే ఉంది. ఊద్‌లోని పశువుల కొట్టాన్ని తీసేసి, కట్టెని, మసాలాని, పొగ ఛాయని మాత్రం ఉంచుతుంది. ఊద్ ప్రియులు దీన్ని లోటంటారు. నా లెక్కలో, పదిమంది మధ్య తిరిగే మనిషికి అదే సుగుణం.

ఊద్ ఫర్ గ్లోరీ సీసా విషయానికొస్తే, దీని దారి ఎక్కడిదో వాసన చూసినవాళ్లకి తెలిసిపోతుంది. ఫ్రెంచి బ్రాండు ఇనీషియో 2018లో తెచ్చిన ‘ఊద్ ఫర్ గ్రేట్‌నెస్’కి ఇది అనుకరణ. పేరు కూడా దగ్గరే. అది 90 ఎంఎల్‌కి పాతిక వేలు పైమాటే. రెండూ పక్కపక్కన చేతుల మీద కొట్టి చూస్తే మొదటి పది నిమిషాల్లో తేడా తెలుస్తుంది: ఇనీషియోది నునుపుగా మొదలవుతుంది, లటాఫాది కాస్త గరుగ్గా. గంట దాటాక పక్కన నిలబడ్డ మనిషి తేడా చెప్పలేడు.

చర్మం మీద దీని నడక ఇలా ఉంటుంది. కొట్టగానే కుంకుమపువ్వు గుప్పుమంటుంది. పాలల్లో వేసిన కుంకుమపువ్వు వాసన కాదు, తోలుకి, లోహానికి దగ్గరగా ఉండే పదునైన వాసన. దాని వెనకే జాజికాయ ఘాటు, కొద్దిగా లావెండర్ శుభ్రత. కొంతమందికి ఈ దశలో ఆస్పత్రి కట్టు వాసనలా తోస్తుంది, ముఖం చిట్లిస్తారు. ఇరవై నిమిషాలకి ఆ పదును తగ్గి పొడి కట్టె ముందుకొస్తుంది. మీరు ఊద్ అనుకునేది ఇప్పుడు మొదలవుతుంది. రెండు మూడు గంటల తర్వాత పచ్చౌలీ మట్టి వాసన, మస్క్ (కస్తూరి వాసన), కాస్త తీపి కలిసి ఒంటికి అతుక్కుపోతాయి. నూలు చొక్కా మీద పడితే మర్నాడు కూడా ఉంటుంది.

అందుకే షాపులో కాగితం ముక్క మీద కొట్టి, అక్కడికక్కడే నిర్ణయం చేయకండి. ముంజేతి మీద ఒక స్ప్రే కొట్టించుకుని బయటికెళ్లి టీ తాగి, పని చూసుకుని, మూడో గంటలో వాసన చూడండి. అప్పుడు నచ్చితేనే కొనండి. మీరు రోజంతా మోసేది ఆ మూడో గంట వాసననే. పదును నచ్చక వెళ్లిపోయి సాయంత్రం తిరిగొచ్చి సీసా పట్టుకెళ్లిన వాళ్లు మా దగ్గర బోలెడంత మంది. మొదటి నిమిషంలో ఎగిరి గంతేసి కొని, ఇంటికెళ్లాక తలనొప్పన్న వాళ్లూ ఉన్నారు.

‘కొత్త సీసా రెండు మూడు స్ప్రేలు కొట్టి నెల రోజులు అలా పెట్టేస్తే వాసన పెరుగుతుంది’ అని యూట్యూబ్‌లో వినే ఉంటారు. తాజా సరుకులో మొదటి పదును కొన్ని వారాల్లో కాస్త మెత్తబడటం నేనూ గమనించాను. కానీ నచ్చని పెర్ఫ్యూమ్ నెలకి నచ్చేదిగా మారడం చూడలేదు.

గల్ఫ్‌లో ఈ స్ప్రేని వాడే పద్ధతి తెలిస్తే దీని స్వభావం ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ అది ఒంటరిగా వాడే వస్తువు కాదు. ముందు మబ్ఖరాలో, అంటే ధూపం పాత్రలో, నిప్పు మీద అగరు చెక్కో, బఖూరో (సువాసన తైలాలు పట్టించిన ధూపం చెక్క) వేసి ఆ పొగని బట్టలకి పట్టిస్తారు. చెవుల వెనక, మణికట్టు దగ్గర తైలం రాస్తారు. అన్నిటికంటే పైన స్ప్రే. కింది రెండు పొరల్లో నిజమైన లోతు ఉంటుంది కాబట్టి పై పొర గట్టిగా, గుప్పుమనేలా ఉండాలి. ఆ ఆలోచనతో చేసిన సీసా ఇది. బయటి ఎండలోంచి చల్లటి హాల్లోకి వచ్చిన అతిథి కంటే ముందు అతని వాసనే పలకరించాలన్నది వాళ్ల మర్యాద. మనం అదే సీసాని ఏసీ క్యాబిన్‌లో, పక్క సీటు మూరెడు దూరంలో ఉన్నచోట వాడుతున్నాం. తేడా అక్కడ వస్తుంది.

ఆఫీసు సంగతికి వచ్చాం కాబట్టి చెప్తున్నా. మా దగ్గర ఈ సీసా కొన్న ఒక బ్యాంకు ఉద్యోగి రోజూ పొద్దున ఆరేడు స్ప్రేలు కొట్టుకునేవాడు. వారానికే ‘అన్నా, వాసన రావట్లేదు, డూప్లికేట్ ఇచ్చావు’ అని వచ్చాడు. ఆయన గుమ్మంలో ఉండగానే నాకు కౌంటర్ దాకా వాసన కొట్టింది. ఒకే వాసనని ముక్కు కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. పైగా ఇలాంటి వాటిలో వాడే కొన్ని మస్క్‌లు, కట్టె వాసన సింథటిక్‌లు కొందరి ముక్కుకి అసలు తెలియవు, పక్కవాళ్లకి మాత్రం బాగా తెలుస్తాయి. మీకు వాసన రాలేదని ఇంకో స్ప్రే కొట్టకండి, ఇంట్లో వాళ్లని అడగండి. ఆఫీసుకైతే బనీను వేసుకునే ముందు ఛాతీ మీద ఒక్క స్ప్రే చాలు. మెడకి వద్దు, మీ ముక్కుకే దగ్గరై తలపోటు తెప్పిస్తుంది. పక్క సీటులో ఆస్తమా ఉన్నవాళ్లో, గర్భిణులో ఉంటే ఆ రోజులకి దీన్ని ఇంట్లోనే ఉంచండి.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకి ఇది పనికిరాదు. వేడికి కుంకుమపువ్వు పదును, పచ్చౌలీ బరువు రెండూ కలిసి మీదకి వస్తాయి. ఆ నెలల్లో వట్టివేళ్ల అత్తరు ఏదైనా చిన్న సీసా కొనుక్కోండి. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి వైపు అత్తరు దుకాణాల్లో కొంచెం కొంచెం కొలిచి ఇస్తారు, చేతి మీద రాసి చూపిస్తారు. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి ఒక సాయంత్రం అక్కడ గడిపి, అసలు ఊద్ తైలం ఒక బొట్టు రాయించుకుని చూడమని నా సలహా. కొనకపోయినా ఫర్లేదు. ఒకసారి ఆ వాసన తెలిస్తే ఏ సీసా ఏం చెప్తోందో మీకే అర్థమవుతుంది.

ఇదే ధరల్లో వేరేవి అడుగుతారేమో. గులాబీతో తీపి ఊద్ కావాలంటే స్విస్ అరేబియన్ ‘షగాఫ్ ఊద్’. చాలా తియ్యగా ఉంటుంది, చలికాలపు రాత్రులకి బాగుంటుంది. లటాఫాలోనే ‘రఘ్బా’ ఇంకా చవక, వెనీలా, సాంబ్రాణి పొగ కలిసినట్టుంటుంది. మీ చెల్లెలికి ఇవ్వాలనుకుంటే ఇదే బదీ అల్ ఊద్ వరసలో ‘అమెథిస్ట్’ చూడండి, గులాబీ బాగా పలుకుతుంది. అల్ హరమైన్ వాళ్ల ‘ఆంబర్ ఊద్ గోల్డ్’ పేరులో ఊద్ ఉన్నా నా ముక్కుకి అది పూర్తిగా పండ్ల తీపి. మంచి పెర్ఫ్యూమే, కానీ మీరు అడిగిన వాసన కాదు.

ధర ఊద్ ఫర్ గ్లోరీకి ఆన్‌లైన్‌లో రెండు నుంచి మూడు వేల మధ్య అటూ ఇటూ కదులుతుంది. తొమ్మిది వందలకి సీల్డ్ సీసా అంటే అనుమానించండి. పెట్టె మీది బ్యాచ్ నంబరు, సీసా అడుగున ఉన్న నంబరు ఒకటేనా చూడండి. స్ప్రే సన్నటి తుంపరగా రావాలి, చుక్కలు చుక్కలుగా కాదు. నమ్మకం కుదరకపోతే ముందు 5 ఎంఎల్ శాంపిల్ సీసా కొని వాడండి. కొన్నాక బాత్రూంలో, కారు డాష్‌బోర్డ్‌లో పెట్టొద్దు. దాని పెట్టెలోనే పెట్టి బీరువాలో ఉంచితే ఏళ్ల తరబడి ఏమీ కాదు.

పెళ్లికి మాత్రం నిస్సంకోచంగా వాడండి. మండపంలో మల్లెలు, గంధం, హోమం పొగ మధ్య ఈ కట్టె వాసన బాగా కలిసిపోతుంది. మూడు నాలుగు స్ప్రేలు వేసుకోవచ్చు, కానీ పట్టు పంచె, కండువా మీద నేరుగా కొట్టకండి, మరక పడితే పోదు. స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక ఛాతీ మీద, మోచేతుల లోపలి వైపు కొట్టి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు పట్టు కట్టుకోండి. ఇంట్లో ఆడవాళ్లు వాడితే ముత్యాల దండ వేసుకోక ముందే వాడమనండి, పెర్ఫ్యూమ్ తగిలితే ముత్యం మెరుపు తగ్గుతుంది. చర్మం సున్నితమైతే పెళ్లికి వారం ముందే చేతి మీద కొట్టి చూసుకోండి, ఆ రోజు దద్దుర్లు వస్తే కష్టం.

మీ బావగారు శ్రావణంలోపు వస్తుంటే అక్కడి నుంచే తెప్పించుకోండి, సాధారణంగా అక్కడ కాస్త చవక. చెక్-ఇన్ బ్యాగులో బట్టల మధ్య చుట్టి పెట్టమనండి. వీలుంటే ఒక చిన్న డబ్బా బఖూర్ కూడా తెమ్మనండి. పెళ్లి ముందు రోజు సాయంత్రం సాంబ్రాణి వేసే నిప్పుల మీదే చిటికెడు వేసి, మీరు కట్టుకోబోయే నూలు చొక్కాని పొగకి కాసేపు పట్టి దండెం మీద ఆరేయండి. నిప్పుకి దూరంగానే పట్టాలి. మర్నాడు దాని మీద రెండు స్ప్రేలు సరిపోతాయి. మీ చర్మం పొడిబారే రకమో, జిడ్డు రకమో చెప్తే వాసన ఎంతసేపు నిలుస్తుందో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.